అడ్డనార తాళ్ళ గాలివాన

ఆశ్రమ పాఠశాల హెడ్మిస్ట్రెస్ ముత్యాలమ్మగారు పంపిన ఆహ్వానపత్రంలో 'న్యాయనిర్ణేత' అన్న మాట తప్పుగా రాసి ఉంది. ఎర్ర పెన్సిలుతో దాన్ని దిద్ది, వెనకవైపు 'తప్పక వస్తాను' అని రాసి, అదే కాగితాన్ని ఆమెకి తిప్పి పంపాను. అప్పట్లో నేను అలా ఉండేదాన్ని.

1979 డిసెంబరు. మావారు జగన్నాథరావుగారు అరకులో కాఫీ తోటల ఆఫీసులో పనిచేసేవారు. నేను విశాఖలో బి.ఎస్సీ. చదివాను, ఫిజిక్సు. పెళ్ళయ్యాక ఆ చదువుతో పాల కొలతా చాకలి పద్దూ తప్ప సరిచూడ్డానికి ఏమీ దొరకలేదు. అందుకని ఎవరైనా శాస్త్రం పేరు చెప్పి పిలిస్తే చాలు, ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరేదాన్ని.

ఆగస్టులో కూడా అలాగే వెళ్ళాను. అంతకుముందు నెలలోనే స్కైలాబు మీద పడుతుందని కొండలన్నీ హడలిపోయి, కోళ్ళన్నీ కోసుకు తినేసి, చివరికి ఏమీ పడక నవ్వుకున్నాయి. ఆ భయం పోగొట్టేలా పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు ముత్యాలమ్మగారు. మా తమ్ముడు విశాఖ నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక పంపి ఉన్నాడు. గురుగ్రహం పక్కనుంచి పోయిన అంతరిక్ష నౌక తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. అది పట్టుకుని వెళ్ళాను.

గ్రహమంతా చారలు చారలుగా, గోధుమ రంగూ తెలుపూ పసుపూ కలిసిన మబ్బుల పట్టీలు. కింది సగంలో గుడ్డు ఆకారంలో ఒక ఎర్రటి మచ్చ. "ఇది గాలివాన," అన్నాను. "మన భూమి లాంటివి రెండు మూడు ఇందులో పట్టేస్తాయి. మూడు వందల ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. అక్కడ మనకున్నట్టు నేల లేదు. ఎంత లోపలికి దిగినా వాయువే."

"గురుడింట్లో ఇంత గాలివానేటండీ!" అన్నారు ముత్యాలమ్మగారు, కుర్చీలోంచి ముందుకి వంగి. "గురుబలం లేదని మా అమ్మాయికి రెండేళ్ళనుంచి సంబంధాలు ఆపేసి కూర్చున్నాం. ఆయన పరిస్థితే ఇలాగుంటే మనకేటి బలం ఇస్తాడు?"

పిల్లలందరూ నవ్వారు. నవ్వు ఆగాక వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. పదో తరగతి. సన్నగా, నూనె రాసి బిగించి దువ్విన జుట్టు. పేరు కనక. ఆమె తల్లి సోములమ్మ ప్రతి శుక్రవారం సంతకి వచ్చినప్పుడు మా ఇంటికి అడ్డాకులూ, పసుపు కొమ్ములూ తెచ్చేది.

"అమ్మగారూ, సముద్రం కాడ పుట్టిన గాలివాన మన కొండకొచ్చేసరికి సచ్చిపోతాది కదా. అక్కడ కొండా లేదు, నేలా లేదు అంటన్నారు. మరది ఎక్కడికెళ్ళి సావాల?"

మళ్ళీ నవ్వులు. నాకు జవాబు తెలియదు. తెలియదని అనలేదు. "అవన్నీ పై తరగతుల్లో వస్తాయి, కూర్చో," అన్నాను. వచ్చేటప్పుడు పత్రికని సైన్సు మాస్టారు వరహాలరావుగారికి ఇచ్చి, పిల్లలకి చూపించమని, మడతలు పడకుండా చూడమని రెండుసార్లు చెప్పి వచ్చాను.

ఇక డిసెంబరు సైన్సు ప్రదర్శన. చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలలన్నీ కలిసి ముత్యాలమ్మగారి బడిలో పెట్టుకున్నది. మొదటి బహుమతి వచ్చినవారు జనవరిలో విశాఖ జిల్లా ప్రదర్శనకి వెళతారు. అలా వెళ్ళిన గిరిజన విద్యార్థికి విశాఖలోనే ఇంటర్ సైన్సు గ్రూపులో సీటూ హాస్టలూ ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మా ప్రాంతానికి ఒక్కరే. ఈ సంగతి ముత్యాలమ్మగారు నాకు గుమ్మంలోనే చెప్పారు. "మా కనక మీద ఆశ పెట్టుకున్నాం మేడమ్. ఆ గుంట సైన్సు చదవాలంటాది. సీటు లేకపోతే ఈ కొండమీద సైన్సు ఎక్కడుంది?" అన్నారు. అలా ముందుగా చెప్పడం నాకు నచ్చలేదు. మార్కులు వేసేది నేను కదా అనుకున్నాను.

నాతోపాటు ఇంకో న్యాయనిర్ణేత ఉన్నారు, సర్వేశ్వరరావుగారని రోడ్ల ఇంజినీరు. ఆయన తలుపు దగ్గరే మార్కుల కాగితం నా చేతిలో పెట్టి, "మీరు బి.ఎస్సీ. కదమ్మా, మీరెంతంటే నాదీ అంతే," అని టీ కోసం వెళ్ళిపోయారు.

బాలుర పాఠశాల నుంచి భీముడనే కుర్రాడు జలవిద్యుత్ కేంద్రం చేసి తెచ్చాడు. అట్టముక్కల ఆనకట్ట, నీలం రంగు నీళ్ళు, మీట నొక్కితే ఆరు బల్బులు. వాళ్ళ మాస్టారి చేతిపని అందులో చాలానే కనిపించింది. అయినా అందులో తప్పు లేదు. బాగుందని రాసుకున్నాను.

కనక బల్ల చివర్లో ఉంది. కాఫీ పెట్టె చెక్కలు కలిపి కొట్టిన పలక. దాని మీద జేగురు, సున్నం, పసుపుతో అడ్డంగా చారలు పూసింది. మధ్యలో ఎర్రమన్ను రాసిన గుండ్రటి చెక్కబిళ్ళ, మేకు మీద తిరిగేలా బిగించింది. బిళ్ళకి పైన ఒక తాడు, కింద ఒక తాడు, రెండూ దాన్ని గట్టిగా ఒరుసుకుంటూ ఉన్నాయి. అడ్డాకుల తీగ నారతో పేనిన అడ్డనార తాళ్ళు. మా పెరట్లో బట్టలారేసేది కూడా అదే రకం, సోములమ్మ పేనిందే.

"చెప్పు," అన్నాను.

"ఇవి పట్టీలమ్మగారూ. ఈ పట్టీలో గాలి ఒక పక్కకెల్తాది, పక్క పట్టీలో గాలి ఎదురెల్తాది. మా అమ్మ నార పేనినప్పుడు ఒక సెయ్యి ముందుకెల్తాది, రెండో సెయ్యి ఎనక్కొస్తాది. మద్దెన నార ఊరుకోదు కదా, తిరుగుతాది. ఇదీ అంతే." పై తాడుని ఎడమవైపుకీ కింది తాడుని కుడివైపుకీ ఒక్కసారిగా లాగింది. ఎర్రబిళ్ళ సర్రున తిరిగింది. చుట్టూ ఉన్న పిల్లలు 'ఓహో' అన్నారు.

గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగింది.

నా కాలేజీ నోట్సులో ఆ పేజీ నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఉత్తరార్ధ గోళంలో తుఫానులు అపసవ్య దిశలో, దక్షిణార్ధ గోళంలో సవ్య దిశలో. కింద ఎర్రసిరాతో గీత కూడా గీసుకున్నాను.

"ఈ మచ్చ గ్రహానికి ఏ సగంలో ఉంది?"

"కింద సగంలోనమ్మగారూ."

"అంటే దక్షిణార్ధం. దక్షిణార్ధంలో తుఫాను ఏ వైపు తిరగాలి?"

కనక వరహాలరావుగారి వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశారు.

"నాకు తెలీదమ్మగారూ. బొమ్మలో మట్టుకు ఇలాగే తిరిగింది."

"బొమ్మ తిరగదమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించాను.

"తిరిగిందమ్మగారూ," అంది ఆమె, నవ్వులన్నీ అయ్యాక. "ఆరు బొమ్మలున్నాయి కదా."

నాకు ఆరు బొమ్మలేవీ గుర్తులేవు. మొండితనం అనుకున్నాను. అయినా ఒక అవకాశం ఇద్దామని, మెత్తగానే, "తాళ్ళు అటుది ఇటు లాగి చూపించు. సరిగ్గా తిప్పితే మార్కులు వేస్తాను," అన్నాను.

కనక తాళ్ళు పట్టుకుంది. లాగలేదు. "అలా లాగితే అబద్ధం అయిపోతాది కదమ్మగారూ," అంది.

"అదేటే ఎదురు సెప్తావు?" అని వరహాలరావుగారు గొంతు తగ్గించి కసిరారు. "మేడమ్ లాగమన్నప్పుడు లాగెయ్ బేగి!"

ఆమె వదిలేసింది. తాళ్ళు వదులై పలక మీద పడ్డాయి.

శాస్త్రీయత అన్న గడిలో ఇరవై అయిదుకి అయిదు వేశాను. పక్కన 'అభిప్రాయం' అని ఇంకో గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలెయ్యొచ్చు, అందరూ వదిలేస్తారు. నేను వదల్లేదు. 'విషయ అవగాహన లేదు. చెప్పినా దిద్దుకునే స్వభావం లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మొత్తం మీద భీముడికి మూడు మార్కులు ఎక్కువొచ్చాయి. విశాఖకి వాడి పేరు చదివారు.

తరువాతి శుక్రవారం సంతనాడు సోములమ్మ వచ్చింది. ఆకుల కట్ట దించి, కొంగులోంచి అడ్డాకుల్లో చుట్టిన పొట్లం ఒకటి తీసింది. "మా గుంట ఇమ్మంది. మీ బుక్కంట. మడత పడనియ్యలేదమ్మా, సూసుకోండి," అంది. కిందటి వారం సంగతి ఎత్తలేదు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళింది.

పత్రికకి నిజంగానే ఒక్క మడత లేదు. మధ్యలో ఏదో ఎత్తుగా ఉంటే తెరిచాను. నూనె రాసి ఆరబెట్టిన పల్చటి కాగితాలు ఆరు, చీపురుపుల్ల గుచ్చి ఒక పక్కన కలిపి ఉన్నాయి. ఒక్కోదాని మీద పెన్సిలుతో గుడ్డు ఆకారం, దాని అంచున చిన్న తెల్లమబ్బు ఒకటి. ఏ పేజీలో పెట్టి ఉన్నాయో చూశాను. వరసగా ఆరు చిన్న ఫోటోలు, రోజుకొకటి చొప్పున తీసినవి. నేను ఆ పేజీ దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. మొదటి రెండు పేజీలు చదివి, పెద్ద ఫోటో చూసి, ఉపన్యాసానికి చాలనుకున్నాను.

కాగితాల అంచు పట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే జారనిచ్చాను.

తెల్లమబ్బు కుడివైపు నుంచి పైకెక్కింది. పైన ఎడమకి జరిగింది. ఎడమ అంచున కిందికి దిగింది. మళ్ళీ జారనిచ్చాను. మళ్ళీ అలాగే వెళ్ళింది. ఎన్నిసార్లు చేసినా గడియారం ముల్లుకి ఎదురుగానే.

ఫోటోల కింద చిన్న అక్షరాలతో ఉన్నది అప్పుడు చదివాను. ఈ మచ్చ మన తుఫానుల్లా అల్పపీడనం కాదట. అధికపీడనం. అందుకని దక్షిణార్ధంలో ఉన్నా అపసవ్య దిశలో తిరుగుతుందట. దానికి పైనా కిందా గాలులు ఒకదానికొకటి ఎదురుగా వీస్తాయట. ఆ కింది వాక్యం ఇంకా ఉంది. అడ్డుపడే నేల లేకపోవడం వల్లనే అది ఇన్నాళ్ళు చావకుండా ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారట.

ఆగస్టులో ఆ పిల్ల అడిగింది అదే. నేను కూర్చోమన్నాను.

ఇంగ్లీషు సరిగ్గా చదవలేని పిల్ల బొమ్మలు చూసి తెలుసుకుంది. ఇంగ్లీషు చదవగలిగిన నేను ఆ పేజీ తిప్పలేదు. ఇంట్లో ఎవరూ లేరు. అయినా పత్రికని బీరువాలో, పట్టుచీరల కింద పెట్టాను.

ఇక్కడిదాకా జరిగింది తెలియనితనం. దాన్ని చెప్పుకోవడం కష్టమే గాని, చెప్పుకోవచ్చు. ఆ తరువాతి ఎనిమిది రోజుల గురించి చెప్పుకోవడమే నాకు ఇప్పటికీ కష్టం.

శనివారం వెళ్దామనుకున్నాను, మావారి ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చారు. ఆదివారం బడి లేదు. సోమవారం గేటుదాకా వెళ్ళాను. లోపల వరహాలరావుగారు పిల్లల చేత పూలమొక్కలకి నీళ్ళు పోయిస్తున్నారు. ఆయన నమస్కారం పెట్టారు. "ఏం మేడమ్, ఇలా వచ్చేరు?" అన్నారు. "ఊరికే, వలిసె పూలు చూద్దామని," అన్నాను. నిజంగానే అవతల పొలాలన్నీ పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. కాసేపు వాటివైపు చూసినట్టు నటించి వెనక్కి వచ్చేశాను.

మంగళవారం మావారికి చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, "నిన్నెవరైనా అడిగేరా?" అన్నారు.

"లేదు."

"ఆ పిల్లకి తప్ప ఎవరికీ తెలీదు కదా."

"ఆ పిల్లకి తెలుసు కదండీ."

"తెలిస్తే? ఆ పిల్లేం అంటుంది నిన్ను?" అని పేజీ తిప్పారు.

ఆ మాట విని నాకు కోపం రావాలి. ప్రాణం కుదుటపడింది. ఆ పిల్ల ఏమీ అనదు. సోములమ్మ కూడా ఏమీ అనదు. బుధవారం, గురువారం వంటింట్లో డబ్బాలన్నీ దించి కడిగాను. శుక్రవారం సంతకి వచ్చిన సోములమ్మ వీధిలోంచి కేకేస్తే తలనొప్పిగా ఉందని పనిమనిషి అచ్చియమ్మ చేత చెప్పించాను. ఆకులు గుమ్మంలో పెట్టి, "తలకి శొంఠి అరగదీసి రాయమ్మా అమ్మగారికి," అని చెప్పి వెళ్ళిందట. అచ్చియమ్మ నిజంగానే శొంఠి అరగదీసి తెచ్చింది. రాయించుకున్నాను. మండింది.

శనివారం పొద్దున్నే వెళ్ళాను.

ముత్యాలమ్మగారు ఆ ఆరు కాగితాలనీ రెండుసార్లు తిప్పి చూశారు. మూడోసారి తిప్పలేదు. "పేర్ల జాబితా ఇక్కడే నా సొరుగులో ఉంది మేడమ్," అన్నారు. "అంటే, నిన్నటిదాకా ఉంది. భీముడి ఫోటో రాలేదని ఆపేను. నిన్న మధ్యాహ్నం టపాలో ఏసేశాం."

"ఇప్పుడు మార్చడానికి..."

"మారిస్తే ఆ కుర్రాడి పేరు కొట్టెయ్యాల. ఆడేటి సేసేడు పాపం? వాళ్ళ ఊరంతా కలిసి బూట్లు కొన్నారంట ఆడికి." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎప్పుడు తెలిసింది మీకు?"

'ఇవాళే' అనడానికి నోరు తెరిచాను. ఆమె చేతిలో ఆ కాగితాలున్నాయి.

"కిందటి వారమే, శుక్రవారం," అన్నాను.

ఆమె కాగితాలు నాకు ఇచ్చేసి, "కనకని కాఫీ పళ్ళ కోతకి ఇంటికి పంపించాం. ఆర్నెల్ల పరీక్షలైపోయేయి కదా. తోటలో ఉంటాది," అన్నారు.

తోట మా ఆఫీసుదే. సిల్వర్ ఓక్ చెట్ల కింద వరసలుగా కాఫీ మొక్కలు, వాటి మధ్య నడుముకి బుట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు. మేస్త్రీ నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, అయ్యగారేమైనా పంపారా అని అడిగాడు. లేదని పంపేశాను. తల్లీ కూతుళ్ళు ఒకే మొక్కకి చెరోపక్కా ఉన్నారు. సోములమ్మ నన్ను చూసి, "తలనొప్పి తగ్గిందా అమ్మా?" అంది.

దారంతా కూర్చుకున్న మాటలు ఆ ఒక్క పలకరింపుతో ఎగిరిపోయాయి.

"కనకా," అన్నాను, "ఆ గాలివాన నువ్వు తిప్పినవైపే తిరుగుతుంది. తప్పు నాది."

ఆమె పండు తుంపుతూనే ఉంది. "తెలుసమ్మగారూ."

"తెలిస్తే ఆ రోజు గట్టిగా చెప్పొద్దూ?"

చెయ్యి ఆగింది. మొదటిసారి నావైపు నేరుగా చూసింది. "సెప్పేను కదా."

"ఊరుకోయే గుంటా!" అంది సోములమ్మ. "అమ్మగారితో అలాగేటి మాట? పెద్దోరు, ఏదో అనుకున్నారు. బుక్కు ఇచ్చింది మొన్ననే కదా, అది సూసుకుని పాపం ఎంటనే ఒచ్చేరు."

"మొన్న కాదు సోములమ్మా. నిన్నటిది కాక కిందటి సంతకి. అప్పుడే చూశాను." ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. "రాలేదు. సిగ్గేసింది. నిన్న నాకు తలనొప్పి కూడా లేదు."

సోములమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. "మీకు సిగ్గేటమ్మా! మాకు కదా సిగ్గులు!" పక్క వరసలో ఆడవాళ్ళు కూడా ఏమిటో తెలియకుండానే నవ్వారు. కనక మాత్రం నవ్వలేదు.

"అయితే ఇశాపట్నం ఎవులెల్తారు?" అని అడిగింది.

"భీముడే. జాబితా నిన్న వెళ్ళిపోయింది. మొన్న వచ్చి ఉంటే ఆగేది."

ఆమె తలూపి, మళ్ళీ పళ్ళు తుంపసాగింది. ఎర్రటివి మాత్రమే, ఒక్క పచ్చికాయ తెగకుండా. నేను అక్కడే నిలబడ్డాను. పక్క మొక్కకి జరుగుతూ తనే అంది. "నా గాలివాన కూడా లేదమ్మగారూ. మాస్టారు ఆ తాళ్ళు ఇప్పీసి కట్టెల మోపులకి కట్టీసేరు."

ఆ సాయంత్రమే జిల్లా ప్రదర్శనవారికి ఉత్తరం రాశాను. నేను చేసిన తప్పేమిటో, అది ఎలా తెలిసిందో, తెలిశాక ఎన్ని రోజులు ఊరుకున్నానో మూడూ రాశాను. ఎనిమిది అన్న అంకె రాసేటప్పుడు 'కొన్ని రోజులు' అని రాయబోయాను. మావారు చదివి, ఇంత వివరం అక్కర్లేదేమో అన్నారు. జవాబు జనవరి మొదట్లో వచ్చింది. జాబితా మార్చడం వీలుపడదు. పోటీకి కాకుండా, వరండాలో ఒక బల్ల ఇస్తాం, కావాలంటే తెచ్చుకుని పెట్టుకోవచ్చు. సీటు సంగతి పోటీలో ఉన్నవారికే.

కనకకి చదివి వినిపించాను. వెళ్దామా వద్దా అన్నది ఆమెనే అడిగాను. "ఎల్దాం. సూసినోళ్ళు సూత్తారు," అంది. పలక బడిలోనే దొరికింది. తాళ్ళు కొత్తగా పేనాలంటే నార నానాలి, వారం పడుతుందని సోములమ్మ అంది. పెరట్లోకి వెళ్ళి బట్టల తాడు ముడులు విప్పుకుని వచ్చి ఇచ్చాను. ఆ వారం బట్టలు గోడమీద ఆరేశాను.

విశాఖలో మా బల్ల సైకిళ్ళు పెట్టుకునే చోటుకి దగ్గరగా ఉంది. లోపలి హాల్లోంచి భీముడి బల్బులు వెలిగినప్పుడల్లా చప్పట్లు వినిపించేవి. మధ్యలో వాడే కొత్త బూట్లు చప్పుడు చేసుకుంటూ బయటికి వచ్చి, కనక చేత రెండుసార్లు తాళ్ళు లాగించుకుని చూసి, "నాదానికంటే ఇదే బాగుందే," అని వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా ఇంకెవరూ ఆగలేదు. తరువాత ఒక లెక్చరరుగారు, సత్యనారాయణగారని ఎవరో పిలవగా విన్నాను, సైకిలు తీసుకోబోతూ ఆగారు. కనక చెప్పింది. నార పేనడం చెప్పింది, పట్టీలు చెప్పింది, తాళ్ళు లాగింది. ఆయన తల పక్కకి వాల్చి చూశారు.

"బాగుంది పాపా. కానీ ఇది దక్షిణార్ధం కదా? తుఫాను ఇటు తిరగాలి. నువ్వు అటు తిప్పావు."

కనక నావైపు చూసింది. చెప్పమన్నట్టు కాదు. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు.

"నేనూ అదే అన్నానండీ," అన్నాను. "ప్రదర్శనలో మార్కులు వేసింది నేను. బి.ఎస్సీ. ఫిజిక్సు. తప్పని అయిదు మార్కులు వేశాను. అందుకే ఈ పిల్ల లోపల లేదు, ఇక్కడుంది. ఇది అధికపీడనం. ఈ పిల్లే సరి."

వరండాలో ఉన్న నలుగురైదుగురు మావైపు తిరిగారు. లెక్చరరుగారు ఇబ్బందిగా దగ్గారు. కనక నూనెకాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టి, ఎలా జారనివ్వాలో చూపించింది. ఆయన ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు. "అరె!" అన్నారు. ఆ తరువాత ఆ కాగితాల వెనక ఆమె పేరు రాయమన్నారు, బాగుందన్నారు, బాగా చదువుకోమన్నారు. సైకిలెక్కి వెళ్ళిపోయారు. అంతకంటే ఏమీ జరగలేదు.

మర్నాడు పొద్దున్న పాసింజరులో నేనూ కనకా సోములమ్మా తిరిగి వస్తున్నాం. పలక సీటు కింద ఉంది. తాళ్ళు కనక ఒళ్ళో చుట్టుకుని ఉన్నాయి. జూన్‌లో ఆమెకి దొరికేది పాడేరులో ఆర్ట్స్ గ్రూపేనని ముత్యాలమ్మగారు అప్పటికే కనుక్కుని చెప్పి ఉన్నారు. కనకకీ తెలుసు. రైలు కొండెక్కుతోంది. బొర్రా దాటాక ఆమె కిటికీలోంచి తల తిప్పి అడిగింది.

"ఆ మాస్టారు కూడా మీ కాలేజీలోనే సదూకున్నారేటి అమ్మగారూ?"

సోములమ్మ ఆమె తొడమీద ఒక్కటి వేసింది. తనకే నవ్వాగక మొహం అటు తిప్పుకుంది.

"ఏమో," అన్నాను. "అదే పుస్తకం చదివి ఉంటారు."

"ఆ పుస్తకంలో బొమ్మల్లేవా?"

"ఉన్నాయి. నేను చూళ్ళేదు."

కనక తాళ్ళ చుట్ట విప్పి, నా ఒళ్ళో పెట్టింది. "ఇంటికెల్లగానే కట్టీసుకోండమ్మగారూ. గోడమీద బట్టలు పాడైపోతాయి."

సొరంగం వచ్చింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. ఆ చీకటి ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండుననిపించింది.